కిటికీ పక్క కుర్చీలో రొద ఉండదు

సందు చివర ఇస్త్రీ బండి దాటితే రేకు తలుపున్న గది వస్తుంది. అందులో కూర్చుని ఆమె యాంప్లిఫయర్లు బాగుచేస్తుంది. పాటల బృందాల వాళ్ళంతా ఆమెను యాంపక్క అంటారు. తల నెరిసినవాళ్ళు కూడా అక్కా అనే పిలుస్తారు. కోపం ముక్కు మీదే ఉంటుంది. "కొంచెం రొదొస్తోందక్కా, పర్లేదులే" అని ఎవడైనా అన్నాడా, వాడి పని అయిపోయినట్టే. "పర్లేదనుకుంటే నా దగ్గరికెందుకు మోసుకొచ్చావు? ఇంట్లో పెట్టుకుని జోకొట్టుకో" అంటుంది.

పని చేసేటప్పుడు ఆమె ఎడమ చెయ్యి వీపు వెనకే ఉంటుంది. గాజు వాల్వుల పాత యాంపులు ప్లగ్గు పీకేసినా లోపల కరెంటు దాచుకుంటాయి. రెండు చేతులూ పెట్టి తడుముకుంటే అది ఒక చేతిలోంచి ఎక్కి, గుండె మీదుగా రెండో చేతిలోకి దిగుతుంది. ఈ అలవాటు ఎంత ముదిరిందంటే, ఇంట్లో కూర కలిపేటప్పుడు కూడా ఎడమ చెయ్యి వెనక్కే పోయేది. "కూర కూడా షాక్ కొడుతుందా అక్కా?" అని తమ్ముడు ఆటపట్టించేవాడు.

తమ్ముడు గిటార్ వాయించేవాడు. ఎలక్ట్రిక్ గిటార్‌ను ఒట్టిగా మీటితే పక్క గదికి కూడా వినపడదు. అయస్కాంతం మీద ఉక్కు తీగ వణికితే, దాని చుట్టూ చుట్టిన వెంట్రుకంత రాగి తీగలో పిసరంత కరెంటు పుడుతుంది. ఆ పిసరును యాంపు పెంచి, పెంచి, స్పీకరు చేత పలికిస్తుంది. "నేను గొణుగుతాను, మా అక్క అరుస్తుంది" అని అందరికీ చెప్పి నవ్వేవాడు.

అయితే ఆ రాగి చుట్టకు మంచీ చెడ్డా తెలియదు. గోడల్లోని కరెంటు తీగల మూలుగు కూడా పట్టుకుని యాంపుకు అందిస్తుంది. గిటార్ ఎటు తిరిగి ఉందో దాన్ని బట్టి ఆ రొద పెరుగుతుంది, తగ్గుతుంది. అందుకే తమ్ముడు గిటార్ పట్టుకుని గదంతా తిరిగి తిరిగి, చివరికి కిటికీ పక్క కుర్చీని పట్టుకున్నాడు. అందులో వీధి వైపు తిరిగి కూర్చుంటే రొద చప్పున ఆగిపోయేది. ఒక్క క్షణం ఇల్లంతా నిశ్శబ్దం. తర్వాత మొదలుపెట్టేవాడు.

పోయిన ఏడాది ఒక మధ్యాహ్నం ఆ కుర్చీలోనే గుండె ఆగి పోయాడు. ఆసుపత్రికి పరుగెత్తిన హడావుడిలో యాంపు కట్టేయాలని ఎవరికీ తోచలేదు. అన్నీ ముగించుకుని ఇంటికొచ్చేసరికి, మనిషి లేని గదిలో అది గుంయ్‌మంటూనే ఉంది. అమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

"వాడింకా ఉన్నాడే" అంది.

యాంపక్క గిటార్‌ను పెట్టెలో పెట్టి మంచం కిందికి తోసేసింది. యాంపును మాత్రం అమ్మ ముట్టుకోనివ్వలేదు. రోజూ సాయంత్రం స్విచ్ వేసుకుని ఎదురుగా పీట మీద కూర్చునేది. గిటార్ లేకపోయినా ఆ ముసలి యాంపు సన్నగా మూలిగేది. "ఇవాళ నీళ్ళు ఆలస్యంగా వచ్చాయిరా. మీ అక్క మళ్ళీ ఎవరితోనో గొడవేసుకుంది" అని అమ్మ దానికి కబుర్లు చెప్పేది. లోకంలోని రొదంతటి నోరు మూయించే మనిషి ఇంట్లో మాత్రం పళ్ళు బిగబట్టుకుని వినేది.

కొన్నాళ్ళకు ఆ మూలుగు పెద్దదయింది. అమ్మ ముఖం విప్పారింది.

"ఈమధ్య దగ్గరికొస్తున్నాడే. విన్నావా?"

వింది. లోపల కరెంటును చదును చేసే కెపాసిటర్లు ఎండిపోతున్నాయని ఆమెకు తెలుసు. తెలిసి ఏం లాభం? ఆ గదికి వీపు తిప్పి పొయ్యి దగ్గర నిలబడాలంటే భయమేసేది. ఎవరో వెనకే ఊపిరి తీస్తున్నట్టుండేది.

"అమ్మా, దాన్ని బాగుచెయ్యకపోతే ఒకరోజు నిప్పంటుకుంటుంది."

"వాడు నన్నేం చెయ్యడు."

"వాడు కాదమ్మా, యాంపు!"

"నీ షాపు సంగతి నువ్వు చూసుకో. నా కొడుకు జోలికి రాకు."

ఒక సాయంత్రం ఆమె ఇంటికొచ్చేసరికి కమురు వాసన. అమ్మ యాంపుకు తల ఆనించి కునుకు తీస్తోంది.  కూతురు పరుగున వెళ్ళి ప్లగ్గు పీకేసింది. మర్నాడు అమ్మ పక్కింటావిడతో కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళగానే ఆమె యాంపు విప్పింది. కెపాసిటర్లు ఉబ్బి, జిగురు కక్కాయి. ఎడమ చెయ్యి వీపు వెనక పెట్టుకుని, దాచుకున్న కరెంటంతా దించేసి, పాతవి పీకి కొత్తవి అతికించింది.  

సాయంత్రం అమ్మ స్విచ్ వేసింది. వాల్వులు ఎర్రగా వెలిగాయి. చప్పుడు లేదు. అమ్మ స్పీకరు గుడ్డకు చెవి ఆనించింది.

"వాడేడే?"

అమ్మ స్విచ్ ఆపి, మళ్ళీ వేసి చూసింది.

"పంపించేశావు కదూ? ఉన్న కాస్తా నువ్వే పంపించేశావు."

అమ్మ తిట్టి ఉంటే బావుండేది. గోడ వైపు తిరిగి పడుకుంది. అన్నం ముట్టలేదు. తమ్ముణ్ణి రెండోసారి తనే చంపినట్టు అనిపించిందామెకు. ఇక ఉండబట్టలేక మంచం కిందనుంచి పెట్టె లాగి, గిటార్ తీసి, వైరు యాంపుకు గుచ్చింది.

గుంయ్‌మంది.

అమ్మ తల ఎత్తింది. ఆమె గిటార్ పట్టుకుని గదిలో తిరిగింది. తలుపు దగ్గర రొద హెచ్చింది, బీరువా దగ్గర తగ్గింది. కిటికీ పక్కకు వచ్చి, వీధి వైపు తిరిగి, కుర్చీలో కూర్చోగానే చప్పున ఆగిపోయింది.

"లే" అంది అమ్మ.

లేచింది. అమ్మ వచ్చి ఆ కుర్చీలో కూర్చుంది. గిటార్‌ను పసిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు ఒళ్ళో పెట్టించుకుంది. దాన్ని అటూ ఇటూ తిప్పింది. రొద వచ్చింది, పోయింది. పోయిన చోటే ఆపింది. ఆ నిశ్శబ్దం ఇద్దరికీ తెలిసిందే. వాడు మొదలుపెట్టే ముందు ఇలాగే ఉండేది.

అమ్మ వేళ్ళు తీగలకు తగలకుండా పైకెత్తి పట్టుకుంది.

"ఊఁ, కానియ్‌రా" అంది.

తీగ ఎవరూ మీటకుండా యాంపు పలకదు. అది యాంపక్కకు తెలిసినట్టు ఆ ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు. అయినా యాంపు దగ్గరికి వెళ్ళి, ఎడమ చెయ్యి వీపు వెనక పెట్టుకుని, వాల్యూమ్ ఇంకొంచెం పెంచింది.