పద్మారావు నగర్‌లో బావకు దండ

స్టేషన్ల దగ్గర టిఫిన్ సెంటర్లలో అల్లం చట్నీ పోసే గిన్నె ఏటేటా చిన్నదవుతోంది. విజయవాడ స్టేషన్ బయట ఆ ఉదయం నాకిచ్చిన గిన్నెలో ఇడ్లీ ముక్క ముంచడం కుదరలేదు, చూపించి తినాల్సి వచ్చింది. రెండోసారి అడిగితే వడ్డించే ఆయన నేను పొలంలో వాటా అడిగినట్టు చూశాడు. మా సాంబశివరావు బావ మాత్రం చట్నీ ఊసే లేకుండా రెండు ఇడ్లీలు తిని, చెయ్యి కడుక్కుని, బండికి టైమవుతోందన్నాడు.

ఆరు దాటాక బండి కదిలింది. సికింద్రాబాదులో పనులు రెండు. బావకు గుండె డాక్టరు దగ్గర చెకప్ ఒకటి. అది బావకు తెలుసు. రెండోది ఆయనకు తెలియదు. వచ్చే నెల ఆయన షష్టిపూర్తి. ఫంక్షన్ హాలు గుమ్మం దగ్గర బావ బొమ్మ ఒకటి, చేత్తో వేసింది ఉండాలని మా అక్క కోరిక. ఫ్లెక్సీ వద్దంది, అందులో అందరూ ఎన్నికలకు నిలబడినట్టుంటారని. ఒకే ఒక్క షరతు పెట్టింది. బొమ్మలో బావ నవ్వుతూ ఉండాలి.

చిన్న షరతే, కానీ బావ నవ్వి రెండేళ్లయింది. గుండె ఆపరేషన్ అయిన వారంలో ఆసుపత్రిలో నేనేదో జోకు వేశాను. ఆయన నవ్వాడు, కుట్లు లాగాయి, ప్రాణం పోయినంత పనైంది. ఆ రోజు నుంచి నవ్వునూ ఊరగాయనూ కలిపి మానేశాడు. కుట్లు మానాయి. ఊరగాయ దొంగచాటుగా మళ్లీ మొదలైంది. నవ్వు మాత్రం తిరిగి రాలేదు. అక్క ఇప్పుడు ఇంట్లో టీవీ కాస్త గట్టిగా పెట్టుకుంటోంది.

బొమ్మ వేసే అమ్మాయి పేరు శ్రావ్య. పద్మారావు నగర్‌లో ఉంటుంది. పగలు యానిమేషన్ స్టూడియోలో పని. పిల్లల సినిమాలో ఉడుత చెట్టెక్కాలంటే, కింద ఉన్న ఉడుతకూ పైన ఉన్న ఉడుతకూ మధ్య కావలసిన బొమ్మలన్నీ ఈమే వేస్తుంది. సాయంత్రాలు మనుషుల బొమ్మలు, ఆదివారాలు మట్టి కమ్మలు, కాగితం పూలు, దండలు. మా కాలేజీలో ఒకాయన ఆమె తీసిన చిన్న సినిమా ఫోన్లో చూపించాడు. ఒక ముసలావిడ సూదిలో దారం ఎక్కిస్తుంది, అంతే కథ. దారం ఎక్కేదాకా నేను ఊపిరి తీసుకోలేదు.

ఫోన్ చేసి, బావ పాత ఫోటో ఒకటి పంపాను. ఫోటో సరిపోదంది. మనిషి ఎట్లుంటరో చెప్పండి, ఎట్ల కదుల్తరో చెప్పండి అంది. చెప్పాను. కామర్సు లెక్చరర్‌ని, చెప్పమంటే గంట కొట్టేదాకా చెబుతాను. వచ్చే నెల కార్యక్రమం ఉంది, అప్పటికి కావాలన్నాను. దండ కూడా తనే చేస్తానంది, చందనం పొట్టుతో. షష్టిపూర్తిలో దండలు మార్చుకుంటారు కదా అని మనసులో అనుకుని, పెద్దదే చెయ్యమ్మా అన్నాను. చివర్లో ఆ అమ్మాయి మెల్లగా, "ధైర్యంగ ఉండండి సార్" అంది. ఫంక్షన్ ఖర్చుల గురించి అనుకున్నాను.

వరంగల్‌లో ఒకావిడ ఎక్కి, "అన్నా, జెర జరుగుండ్రి" అంది బావతో. బావ ఎంత జరిగాడంటే, ఆవిడ తర్వాత ఇంకో ఇద్దరు కూర్చోగలిగారు. ఆవిడ జామకాయ కోసి ఉప్పూ కారం అద్ది అందరికీ పెట్టింది. బావ ముక్క తీసుకుని నా చేతిలో పెట్టాడు. కాజీపేట దాటాక అక్క ఫోన్. మాత్ర వేసుకున్నాడా అని. వేసుకున్నాడు, బాగానే ఉన్నాడు అని చెప్పాను. బావ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

పన్నెండు దాటాక సికింద్రాబాదులో దిగాం. వెళ్లదలచినవారికి ఒక మాట. పద్మారావు నగర్ స్టేషన్‌కు మరీ దగ్గర. అంత దగ్గరికి రావడం ఆటోవాళ్లకు అవమానం. ముందు గేటు దగ్గర బతిమాలుకోకుండా వెనక బోయిగూడ వైపు నుంచి బయటికి వస్తే, కాస్త తక్కువ అవమానపడే ఆటో దొరుకుతుంది. మాకు దొరికిన అతను దారంతా హిందీ పాటలు పెట్టి, మధ్యలో ఆపి, "డాక్టర్ దగ్గరికా సార్?" అని బావను చూసి అడిగాడు. బావ మొహం ఆ రోజుల్లో అలా ఉండేది మరి.

శ్రావ్యవాళ్లది రెండో అంతస్తు. లిఫ్టు లేదు. మలుపు దగ్గర కాసేపు నిలబడి ఎక్కాం. స్నేహితుడి ఇంట్లో ఒక పటం తీసుకోవాలని మాత్రమే బావకు చెప్పాను. బెల్లు కొడితే శ్రావ్య తల్లి తలుపు తీసింది. నన్ను చూసింది. నా వెనక బావను చూసింది. ఇంకోసారి బావను చూసింది. తర్వాత గొంతు ఏమాత్రం పెంచకుండా లోపలికి చెప్పింది.

"శ్రావ్యా, జెర బయటికి రా బిడ్డా. పటంల ఉన్నాయన వచ్చిండు."

ముందు గదిలో ఎదురుగోడకు బావ ఉన్నాడు. పెన్సిల్ బొమ్మ, చక్కటి చెక్క ఫ్రేము. బొమ్మ గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఫ్రేముకు వేలాడుతున్న చందనం దండ గురించి, కింద స్టూలు మీద వెలుగుతున్న అగరుబత్తి గురించి మాత్రం చిన్న అభ్యంతరం ఉంది. బావ చెప్పులు విడిచి, లోపలికి నడిచి, తన పటం ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అలాంటి చోట ఎవరైనా అలాగే నిలబడతారు.

పటం ఇవ్వాలని ఆ పూట సెలవు పెట్టిన శ్రావ్య చేతులనిండా మట్టితో వచ్చింది. ఇరవై మూడో ఇరవై నాలుగో ఉంటాయి. మెడలో తనే చేసిన మట్టి పూసలు. బావను చూసి ఆగిపోయింది, నన్ను చూసి ఎర్రబడింది.

"నేనేం చెయ్యాలె సార్? మీరు ఫోన్ల ఏం చెప్పిన్రు? పాడేవాడు అన్నరు, నవ్వించేవాడు అన్నరు, ఆయనుంటే ఇల్లంత సందడిగా ఉండేది అన్నరు. ఉన్నోళ్ల గురించి ఎవరన్న గట్ల చెప్తరా?"

బావ నావైపు తిరిగాడు. వ్యాకరణం నా సబ్జెక్టు కాదని చెబుదామనుకున్నాను, అది వాదనగా నిలబడేటట్టు కనిపించలేదు. దండ, కార్యక్రమం, ధైర్యం, అన్నీ ఒక్కొక్కటిగా నాకప్పుడు అర్థమయ్యాయి.

పటం ఇవ్వనంది శ్రావ్య. ఇంకోటి వేస్తాను, ఇది చింపేస్తాను అంటూ ఫ్రేము దించబోయింది. ఇంటివాళ్లకు కాకుండా బయటివాళ్లకు ఫ్రేము కట్టి ఇస్తున్న మొదటి బొమ్మ ఇదేనట. బావ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇందులో నేను నవ్వుతున్నానా అమ్మా?" అన్నాడు.

"ఇంక నవ్వలే సార్. నవ్వొచ్చే ముంగట ఆపిన. దండ కింద పండ్లు కనవడితే బాగుండదని."

తర్వాత అసలు పని చూపించింది. తన పద్ధతి అది. ఒక్క బొమ్మ వేయడానికి ముందు ఆ మనిషి కదలికంతా వేసుకుంటుందట, ఉడుతకు వేసినట్టే. టాబ్లెట్ మీద వేలితో తాకగానే బావ కదిలాడు. అటూ ఇటూ చూశాడు, కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు, భుజాలు ఎగిరాయి, కళ్లు మూసుకుపోయాయి, నవ్వాడు. నేను ఫోన్లో చెప్పినదంతా అందులో ఉంది. చెప్పనిది కూడా ఏదో ఉంది. నేను కాసేపు కిటికీ పక్కనున్న కాగితం పూలను పరిశీలించాను.

"ఇంకోసారి వెయ్యమ్మా," అన్నాడు బావ. వేసింది. ఇంకోసారి వేయించుకున్నాడు. అప్పుడు తల అడ్డంగా ఊపాడు. భుజాలు తర్వాతట, ముందు కదిలేది పొట్టట. చూపెట్టండని శ్రావ్య కుర్చీ వేసి, ఎదురుగా అట్ట పట్టుకుని కూర్చుంది. బావ ప్రయత్నించాడు. డాక్టరు దగ్గమంటే దగ్గినట్టుంది. మళ్లీ ప్రయత్నించాడు. అంతకంటే అధ్వాన్నంగా ఉంది. చెయ్యి తనంతట తానే ఛాతీ మీదికి వెళ్లింది. రావట్లేదమ్మా అన్నాడు, చిల్లర లేదని చెప్పినట్టు.

వంటగది గుమ్మంలోంచి శ్రావ్య తల్లి అంది, "పరేషాన్ గాకు అన్నా. వారం సంది పొద్దుగాల్నే మీకు అగరుబత్తి ముట్టిస్తున్న. ఇంట్ల పెట్టుకున్నంక ఎవరైతేంది, పెద్దమనిషి అని. మొన్న నల్లా నీళ్లు రాకుంటే మీకే మొక్కిన. జెరసేపట్ల వచ్చింది."

బావ ఆవిణ్ని చూశాడు. పటాన్ని చూశాడు. ముందు పొట్ట కదిలింది. తర్వాత భుజాలు. కండువా లేదు కాబట్టి చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నాడు. అది చాలలేదు. మధ్యలో ఒకసారి ఆగి, ఛాతీ మీద చెయ్యేసుకుని, ఎవరో లోపలి నుంచి తలుపు తడతారేమో అన్నట్టు వేచి చూశాడు. ఎవరూ తట్టలేదు. మళ్లీ మొదలుపెట్టాడు. నల్లా... అని ఏదో అనబోయి అనలేకపోయాడు. శ్రావ్య తలెత్తకుండా గీస్తూ, పొట్టే ఫస్ట్, పొట్టే ఫస్ట్ అని తనలో తను అనుకుంటోంది.

ఆ పూట భోజనం అక్కడే. వద్దంటే ఆవిడ వినలేదు. ముద్దపప్పు, పచ్చిపులుసు, వడియాలు. ఆవకాయ అడిగి వేయించుకున్నాడు బావ, నావైపు చూడకుండా. ఈలోగా శ్రావ్య పటం విప్పి, రబ్బరుతో ఒకచోట తుడిచి, పెదాల చివర రెండు గీతలు, కంటి కింద ఒక ముడత వేసింది. అంతే. పళ్లు ఇంకా కనిపించడం లేదు, కానీ ఈ మనిషిని ఎక్కువసేపు ఆపలేరని చూస్తేనే తెలుస్తోంది. దండ తీసేస్తానంటే బావ ఒప్పుకోలేదు. తన కోసం చేసింది కదా అని మెడలో వేసుకోబోయాడు. పెద్దదే అయినా ఫ్రేముకు కొలిచిన దండ, చెవుల దగ్గరే ఆగిపోయింది. అలాగే పెట్టుకుని శ్రావ్య తల్లికి నమస్కారం చేశాడు. మళ్లీ నీళ్లు రాకపోతే ఫోన్ చెయ్యమన్నాడు.

నాలుగింటికి డాక్టరు. ఎప్పటిలాగే రిపోర్టులు తిప్పి, ఎప్పటిలాగే అంతా బాగుందన్నాడు. లేవబోతూ బావ, నేను నవ్వొచ్చా అండీ అని అడిగాడు. డాక్టరు కళ్లద్దాలు తీసి, ఎవరు వద్దన్నారు అన్నాడు.

సాయంత్రం బండికి సీట్లు దొరికాయి. పటం పేపర్లో చుట్టి బావ ఒళ్లో పెట్టుకున్నాడు. ఒక మూల పేపరు చిరిగి, నుదురూ దండ కొసా బయటికి కనిపిస్తున్నాయి. మౌలాలి దాటేసరికి ఎదుటి సీటాయన ఉండబట్టలేక, ఎవరండీ పోయింది అని జాలిగా అడిగాడు.

"నేనేనండీ," అన్నాడు బావ.

ఆయన సంచీ తీసుకుని పక్క కూపేలో గాలి బాగుందని వెళ్లిపోయాడు. బావకు పొట్ట కదిలింది.

సికింద్రాబాదు వెళ్లి చూడదగ్గవి చాలా ఉన్నాయంటారు. మేమేమీ చూడలేదు. ఒక మేడ మీద ఒక గదిలో మట్టి కమ్మలు, కాగితం పూలు, కదిలే బొమ్మలు, వాటి మధ్య మా బావను చూసి వస్తున్నాం. ప్రయాణానికి పోయినందుకు మనిషి దొరకడం, నా అనుభవంలో, అరుదు. ఆ మాట బావతో అనలేదు. చీకటి పడుతుండగా, ఇంకేమీ తోచక, పిల్ల మంచిదే గానీ అంత పొరపాటు ఎలా చేసిందో అన్నాను.

బావ పేపరు చిరుగును వేళ్లతో సర్దుతున్నాడు.

"ఆ పిల్ల పొరపాటేం చెయ్యలేదురా. ఈ రెండేళ్లూ మా ఇంటికొచ్చినప్పుడల్లా బావ ఎలా ఉన్నాడని మీ అక్కనడిగి వెళ్లావు. నేనక్కడే కూర్చునుండేవాణ్ణి."