మూడో అంతస్తు నుంచి కిందింటికి

శ్రావ్య రోజూ పొద్దున్నే మూడో అంతస్తు నుంచి దిగి, రొట్టెల కొట్టుకు బయలుదేరుతూ, కింది వాటాలో మంగతాయారుగారి తలుపు తట్టి "వెళ్ళొస్తా పిన్నిగారూ" అని చెప్పేది. కరోనా వచ్చి జర్మనీలోని ఇంగోల్‌స్టాట్‌లో ఆఫీసులన్నీ ఇళ్ళకు చేరినా ఆ అలవాటు మానలేదు. అందుకే 2021 ఫిబ్రవరిలో ఒకనాడు, వెళ్ళిన పిల్ల ఎంతకీ తిరిగి రాలేదని మొదట గమనించింది మంగతాయారుగారే. వెతుక్కుంటూ వెళితే వీధి మలుపులో అంబులెన్సు ఉంది. మంచు మీద సైకిలు జారి శ్రావ్య వెన్నుకు దెబ్బ తగిలింది.

నాలుగు నెలల వైద్యంతో చేతులు కోలుకున్నాయి. కాళ్ళు కదల్లేదు. ఇక కదలవని తెలిసిన రోజు ఏడ్చింది, మర్నాడు అన్నం తింది. అసలు భయం వేరే ఉంది. జూలై నాటికి చక్రాల కుర్చీ తిరిగే ఇల్లు దొరక్కపోతే వృద్ధుల ఆశ్రమానికి పంపుతామన్నారు ఆసుపత్రివాళ్ళు. ఆమెకు ఇరవై తొమ్మిదేళ్ళు.

ఊళ్ళోని తెలుగువాళ్ళు నెలంతా వెతికారు. చూడ్డానికి టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, దొరికిన ఇంటికి లిఫ్టు ఉండదు, లిఫ్టు ఉన్నచోట స్నానాలగది తలుపు ఇరుకు. ఒక ఆదివారం, వీడియోలో విష్ణుసహస్రనామ పారాయణ ముగిశాక, ఆ స్వామే పలికించాడో ఏమో, మంగతాయారుగారు నోరు తెరిచారు.

"ఊరంతా వెతుకుతున్నాం గానీ, నేను కూర్చున్న ఇల్లేమైందండీ? రెండు వాటాలూ ఒకే కొలత. పిల్ల కిందికొస్తుంది, మేం పైకెళ్తాం."

"మరి నా మోకాళ్ళో?" అన్నారు పక్కనే ఉన్న భర్త వాసుదేవరావుగారు.

"మోకాళ్ళకేం, పొట్ట కరుగుతుంది."

మైకు ఆపలేదు కనక ఇరవై ఇళ్ళవాళ్ళూ విన్నారు. ఆయనా నవ్వి ఒప్పేసుకున్నారు.

ఇంటి యజమానురాలు సంతకం పెట్టడమే కాక, స్నానాలగదిలో పట్టుకునే కడ్డీలు బిగించడానికి తన తమ్ముణ్ణి పంపింది. వాకిట్లో మూడు మెట్ల మీదికి చెక్క ర్యాంపు మనవాళ్ళే చేశారు. జూలై మొదటి శనివారం, మాస్కులు కట్టుకుని, పై సామాను కిందికీ కింది సామాను పైకీ చేర్చారు.

కుర్చీ గడప దగ్గరికి రాగానే మంగతాయారుగారు హారతి పళ్ళెంతో ఎదురొచ్చి, "కుడికాలు ముందు పెట్టి రా తల్లీ" అనేశారు. వెంటనే నాలుక కరుచుకున్నారు.

"రెండూ ఒకేసారి వచ్చేస్తున్నాయి పిన్నిగారూ! కుడిది అలిగితే మీరే సర్దిచెప్పుకోవాలి" అంది శ్రావ్య. ఇల్లంతా నవ్వింది.

మంగతాయారుగారు కళ్ళు తుడుచుకుని వంటింట్లోకి వెళ్ళి, పాలగిన్నె పొయ్యి మీద పెట్టబోయారు. ఆ పొయ్యి శ్రావ్యకు అందని ఎత్తులో ఉంది. శ్రావ్య వాసుదేవరావుగారి వైపు తిరిగింది.

"బాబాయిగారూ, మీ చిన్న కరెంటు పొయ్యి పైనుంచి తెచ్చి ఈ బల్ల మీద పెడతారా? నా ఇంట్లో పాలు నేనే పొంగిస్తాను."