శాంతి విభాగానికి వెళ్లిన ఫారాలు

కరోనా సద్దుమణిగాక గల్ఫ్‌లో, అల్ ఐన్‌లోని మా కంపెనీ కార్మికుల క్యాంపుకు ఒక సైకాలజిస్టు వచ్చాడు. మన దేశం వాడే, కాకపోతే ఇంగ్లీషు తప్ప మరేదీ మాట్లాడడు. డిగ్రీలో సైకాలజీ చదివిన నేరానికి ముదీర్, అంటే మా మేనేజరు, నన్ను ఆయనకు దుబాసీగా, టైపిస్టుగా అప్పగించాడు.

నెల తిరక్కముందే తెలిసింది, ఆయన ధ్యాస మా మనసుల మీద కాదు, ప్రపంచంలోకెల్లా పెద్ద బహుమతి మీద అని. దానికో చిన్న అడ్డంకి ఉంది. ఆ బహుమతి వైద్యానికి ఇస్తారు, సాహిత్యానికి ఇస్తారు, మనస్తత్వశాస్త్రానికి మాత్రం ఇవ్వరు. ఈ అన్యాయాన్ని ఆయన రోజూ టీ తాగుతూ నాకు వివరించేవాడు. వైద్యంలోకి డాక్టర్లు ఎలాగూ రానివ్వరని తేల్చుకుని, చివరికి శాంతి విభాగానికి సిద్ధమయ్యాడు. తన పేరు తాను పంపుకోకూడదట. అందుకొక ప్రొఫెసర్‌ను చూసుకున్నాడు. ఇక కావలసింది రుజువులు.

రుజువులంటే ఫారాలు. ఆయనతో మాట్లాడి వచ్చిన ప్రతి కార్మికుడూ నిద్ర ఎలా ఉంది, దిగులు ఎలా ఉంది అన్న ప్రశ్నల పక్కన టిక్కు పెట్టాలి. క్యాంపులో ఆఫీసు కాగితానికి ఒకటే జవాబు: అంతా బాగుంది. నడుంనొప్పి అని రాసినవాణ్ని వీసా రద్దు చేసి పంపేసిన సంగతి ఎవరూ మరిచిపోలేదు. అందుకని ‘చాలా బాగుంది’ అన్న చివరి గడిలో టిక్కు పెట్టమని అందరికీ నేనే చెప్పాను. పెట్టారు. ఆ కట్ట చూసి సైకాలజిస్టు కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

తర్వాత జగిత్యాల వైపు మేస్త్రీ ఒకతను సెలవు అడిగాడు. తోటివాడు పరంజా మీంచి పడిపోవడం చూసినప్పటి నుంచి అతనికి కంటిమీద కునుకు లేదు. పైకెక్కితే కాళ్లు వణుకుతున్నాయి. సైకాలజిస్టు సంతకం ఉంటేనే సెలవు. ఆయన మేస్త్రీ ఫారం తీసి చూపించాడు. నిద్ర: చాలా బాగుంది.

మేస్త్రీ ఆయన్ని చూడలేదు, నన్ను చూశాడు.

"అన్నా, నువ్వు జెప్తెనే గద నేను గా టిక్కు వెట్టింది."

దుబాసీగా నా పని అనువదించడం. అనువదించాను. మిగతా ఫారాలన్నీ కూడా అలాంటివేనని నా తరఫున కలిపాను.

ఆయన లేచి తలుపు మూశాడు. ఈ మాట బయటికి పోకూడదని చక్కని హిందీలో చెప్పాడు. నేను సెలవు కాగితం ముందు పెట్టి, పెన్ను మూత తీసి ఇచ్చాను. సంతకం పెట్టాడు. కారణం దగ్గర కుటుంబ కార్యం అని రాశాడు.

ఊరు చేరిన వారానికి మేస్త్రీ ఫోన్ చేసి, మొద్దునిద్ర పోతున్నానని చెప్పాడు. ఆ వేళకు అతని ఫారం మిగతావాటితో పాటు ప్రొఫెసర్‌కు వెళ్లిపోయింది. కట్ట మొత్తానికి నిజం చెప్పిన ఫారం అదొక్కటే.