బంపర్ వంచి చూసిన మా ఆవిడ

మా ఆవిడ పావగడ బజారులో ప్లాస్టిక్ బిందెలు అమ్మేది. నా పాత కారుకు కొత్త బంపర్లు వేయిద్దామని ఇద్దరం అనంతపురం వెళ్లాం. మొదటి దుకాణంలో బంపర్ మెరుపు చూసి నేను మురిసిపోయాను. ఆమె దాని అంచు వంచబోతే యజమాని గదమాయించాడు.

"ముట్టుకోనియ్యనోని దగ్గర ఏం కొంటాం, పాండి" అంటూ ఆమె బయటికి నడిచింది.

రెండో దుకాణాయన నవ్వి, "వంచి చూడక్కా, ఇరిగితే నాదే పూచీ" అన్నాడు. నాసిరకం ప్లాస్టిక్ వంచితే తెల్లబడుతుందని ఆమెకు తెలుసు. గట్టిగా వంచింది, తెల్ల చార కూడా పడలేదు. రంగు వేయకముందే ఆయన దాన్ని కారుకు ఆనించి, సందుల్లేకుండా కూర్చుంటుందని చూపించాడు. ఆయన్నే ఖాయం చేసుకుని, కారు అక్కడే వదిలి వచ్చాం.

కారు తెచ్చుకునే రోజు, ఇంటి దారిలో రాయచెర్లు ఊరి దగ్గర సోలార్ పలకల పక్కన ఆమె ఆపమంది.

"ఎంత బాగుండాదో! ఫోటో తీయండి" అని బంపర్ మీద చెయ్యేసి నిలబడింది.