తెల్లటి నేల మీద

జర్మనీలోని బ్యోబ్లింగెన్‌లో మా అపార్ట్‌మెంట్ ముందు, మంచు గడ్డకట్టిన ఒక జనవరి పొద్దున జారిపడ్డాను. మోకాలి లిగమెంట్ తెగింది. ఆపరేషన్ అయింది, ఫిజియోథెరపీ అయింది, ఇక కర్ర పక్కన పెట్టెయ్యమన్నాడు డాక్టరు. కాలైతే బాగుపడింది గానీ భయం పోలేదు. నేల కాస్త మెరిస్తే చాలు, అడుగు పడేది కాదు.

ఆ రోజుల్లో మా ఇంటిని నిలబెట్టింది మా ఆయన అక్క. వదిన కొలోన్‌లో ఉద్యోగం చేస్తుంది. సెలవులో సగం మాకే ఖర్చుపెట్టింది. అది అయిపోయాక శనాదివారాలు రైలెక్కి వచ్చేది. నాకు తలస్నానం చేయించేది, వారానికి సరిపడా వండి ఫ్రిజ్‌లో పెట్టేది. "మిగిలిన సెలవులోనైనా ఎక్కడికైనా వెళ్లిరండి వదినా" అన్నాను. "ఒక్కదాన్నే ఎందుకే? నువ్వూ పాపా రండి" అంది. అక్టోబరులో ముగ్గురం ట్యునీషియా వెళ్లాం. మా ఆయనకి సెలవు దొరకలేదు.

ఎడారిలో చాలాసేపు పోయాక డ్రైవరు జీపు ఆపాడు. "ఇప్పుడు మనం సముద్రమట్టం కంటే కిందున్నాం" అన్నాడు.

"అయితే సముద్రం మన మీద పడిపోదా?" అని మా పాప జర్మన్‌లో అడిగింది. అయిదేళ్లది, తెలుగు అర్థమవుతుంది గానీ జవాబులన్నీ జర్మన్‌లోనే.

"పడదులే. మధ్యలో బోలెడంత నేలుంది" అంది వదిన.

తలుపు తీశాను. ఎదురుగా ఎండిపోయిన సరస్సు, కనుచూపు మేరా తెల్లగా మెరుస్తున్న ఉప్పు. ఉప్పని తెలుసు. అయినా కాలు కిందకి దిగలేదు. తలుపు పట్టుకునే ఉండిపోయాను.

వదిన నా మొహం చూసింది. భయపడకు అని మాత్రం అనలేదు. చెప్పులు విప్పేసి దిగి, చిన్నపిల్లలా గట్టిగా గెంతింది. కాళ్ల కింద ఉప్పు పెళపెళమంది.

"జారట్లేదే, చూడు."

"నావల్ల కాదు వదినా. మీరు చూసిరండి."

"నువ్వు రాకపోతే నేనూ జీపెక్కుతా. ఇద్దరం అద్దంలోంచి చూసి పోదాం."

ఈలోగా పాప ఒక పెళ్ల పెకలించి నాకి చూసింది. మొహం చిట్లించి "జాల్ట్స్, మమ్మీ! నిజంగా ఉప్పే!" అని అరిచింది. నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే వదిన భుజం పట్టుకుని దిగాను.

నేల గరుకుగా ఉంది, బూటుని పట్టి ఉంచుతోంది. కొంత దూరం నడిచాక భుజం వదిలేశాను. వదిన గమనించింది, గమనించనట్టు పాప వెనకాల పోయింది. నేను నడుస్తూనే ఉన్నాను. వెనక్కి తిరిగి చూస్తే జీపు అగ్గిపెట్టెంత ఉంది. అక్కడే నిలబడి కాసేపు ఏడ్చాను. ఎన్నాళ్ల తర్వాతో, హాయిగా.

తిరిగొచ్చేసరికి వదిన జీపు మెట్టు మీద కూర్చుని కాళ్లు ఊదుకుంటోంది. పగిలిన మడమల్లోకి ఉప్పు దిగి మండిపోతోందట. నేను కింద కూర్చుని సీసాలో నీళ్లు పోసి ఒక పాదం కడిగాను.

"లేవే! నువ్వు నా కాళ్లు పట్టుకోవడమేంటి?"

"ఇన్నాళ్లూ నా కాలు మీరు పట్టలేదా వదినా? కాసేపు ఊరుకోండి."

వదిన రెండో కాలు కూడా ముందుకి చాపింది.