సున్నం కింద పోయిన గీత

దసరా ఇంకా మూడు రోజులుందనగా ధూల్‌పేట నుంచి అక్క కబురు చేసింది. బల్దియావాళ్ళు, అదే మునిసిపాలిటీవాళ్ళు, పండుగ కాగానే మా బావ బర్రెల కొట్టం కూలుస్తారట, వెంటనే రమ్మంది. నాకు కాలు నిలవలేదు. పొద్దున్నే భువనగిరిలో బండెక్కి, మూడో తరగతిలో నిలబడే వచ్చాను.

నాంపల్లిలో దిగేసరికి పదకొండు దాటింది. జట్కా దొరికింది గానీ, బేగంబజార్ దగ్గర బస్తాల బండ్లు అడ్డంపడి గుర్రం అడుగు కదలదు. నేను విసుక్కుంటుంటే జట్కా అతను నవ్వాడు.

"మునుపు షహర్‌కు ఒక బల్దియా, చాదర్‌ఘాట్‌కు ఒక బల్దియా ఉండె భాయ్. రెండిటినీ కలిపిండ్రు. అప్పటిసంది గల్లీ గల్లీకి కొలతలే."

అక్క గడపలోనే ఎదురొచ్చింది. "పండుగకని కొట్టం గోడకు సున్నమేసిన తమ్మీ. బల్దియావాళ్ళు గీసిన ఎర్రగీత గూడ దాని కిందికే పోయింది."

గల్లీని ఒక పక్కకు వెడల్పు చేస్తారు. ఏ పక్క గోడ పోవాలో ఆ గీతే చెప్పాలి. అది మల్లయ్య బావ కొట్టానికి ఉండేది. బావది పాల వ్యాపారం, కొట్టం పోతే బర్రెలను అమ్ముకోవాల్సిందే. ఎదురిల్లు ఖాలాది, పిన్నీ అన్నట్టు గల్లీ అంతా ఆమెను అలాగే పిలుస్తారు. ఒంటరి ముసలామె, లాడ్ బజార్ గాజులకు రాళ్ళు అతికించి బతుకుతుంది.

అక్క జొన్నరొట్టె పెట్టింది. మధ్యాహ్నం కొలతలాయన వచ్చాడు, కొత్త మనిషి. గీత ఎక్కడా కనబడక ఖాలా గోడవైపు కొలత గొలుసు లాగించాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. మాట్లాడొద్దని బావ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

బావ విడిపించుకున్నాడు. "ఆగుండ్రి సాబ్. గీత మా గోడకే ఉండె. సున్నం కింద పోయింది."

కొట్టానికి మళ్ళీ ఎర్రగీత పడింది. నాకు ఒళ్ళు మండింది.

"నోరు మూసుకుంటే ఏం పోయేది బావా?"

"పొద్దుగాల పాలు పోయనీకి ఆమె తలుపే గద కొట్టాలె, బామ్మర్దీ."

ఎదురింటి పరదా వెనక నుంచి ఖాలా గొంతు వినిపించింది. "మల్లయ్యా, బర్రెలను నా వాకిట్ల కట్టుకో. పేడ మాత్రం నువ్వే ఎత్తాలె."

మర్నాడు నేను బయల్దేరుతుంటే అక్క ఆ గోడకే ఎర్రమన్ను జాజుతో అంచులు దిద్దుతోంది, ఎర్రగీతకు తగలకుండా.

"పోయే గోడకు గిదంత ఎందుకే?"

"రేపు పండుగదాక మనదే గద తమ్మీ."

బండిలో పక్కనాయన షహర్ ఎట్లున్నదని అడిగాడు. రోడ్లు మస్తు పెద్దగైతున్నయన్నాను. కోపం ఇంకా దిగలేదు. మీరెవరైనా ఆ గల్లీకి వెళ్తే, వెడల్పైన చోట నడిచేది మా బావ కొట్టంలోనే. బర్రెలేవని అడగండి, ఎదురింటి ఖాలా చూపిస్తుంది.