అవ్వ రిమ్ములకు రాసిన కొబ్బరినూనె

నిన్న సిగ్నల్ దగ్గర ఒక లారీ గట్టిగా బ్రేకేసింది. కాలిన రబ్బరు వాసన తగలగానే వాషర్‌మెన్‌పేట్‌లో మా అవ్వ గుర్తొచ్చింది.

తొంభైల్లో ఆయుధపూజకు సైకిళ్ళు ఎంత తోమేవాళ్ళమో మీకూ గుర్తుండే ఉంటుంది. చెప్పుల్ని గడప దాటి లోపలికి రానివ్వని మా అవ్వ, ఒక ఏడు నాయన సైకిలు బాగా మెరవాలని రిమ్ములకు కూడా కొబ్బరినూనె రాసింది. బ్రేకు రబ్బర్లు పట్టుకోవలసింది ఆ రిమ్ములనే అని ఆమెకు తెలియదు.

పూజ కాగానే నాయన నన్ను ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని బయల్దేరాడు. బ్రిడ్జి దిగుతుంటే బ్రేకు పట్టలేదు. రబ్బర్లు నూనె మీద జారిపోతున్నాయి.

"గట్టిగా పట్టుకో పాపా!" అంటూ నాయన రెండు కాళ్ళూ రోడ్డుకేసి అదిమాడు. కింద గుమ్మడికాయల తోపుడుబండికి జానెడు దూరంలో ఆగాం.

నాయన చెప్పు విప్పి దాని అడుగుభాగం నా చేతికి తాకించాడు. చురుక్కుమంది.

"చూసినావా? బండి వేగం ఊరికే యాడికీ పోదు. రాపిడికి వేడైపోతాది. రోజూ రిమ్ము కాడ పుట్టే వేడి ఈ పొద్దు ఈడ పుట్టింది" అన్నాడు.

ఇంటికొచ్చి చెబితే అవ్వ నూనెగిన్నె తీసి లోపల పెట్టేసింది.

మరుసటి ఏడు పూజకు రిమ్ములు పొడిగా ఉన్నాయి. సైకిలు పక్కన పీట మీద, మడమల దగ్గర అరిగిపోయిన ఆ చెప్పుల జతకు గంధం, కుంకుమ బొట్లు.

"అదేందమ్మా, చెప్పులకు పూజా?" అన్నాడు నాయన.

అవ్వ కర్పూరం వెలిగిస్తూ అంది: "ఆ పొద్దు పనిచేసిన ఆయుధం అదొకటే గదరా."